సమాన అలసట నిబంధన

మా విశ్వవిద్యాలయం పరిధిలో బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లలందరూ సరిసమానంగా అలసిపోవాలని పోయిన ఏడాది ఒక ఉత్తర్వు వచ్చింది. సమానంగా ఆడాలని కాదు. సమానంగా తినాలని అంతకన్నా కాదు. అలసిపోవాలని మాత్రమే. ఆ ఉత్తర్వు అమలులో నేను కూడా ఒక చెయ్యి వేశాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

నేను చెప్పేది వృక్షశాస్త్రం. బాస్కెట్‌బాల్‌తో నాకున్న సంబంధమల్లా ఆ కోర్టు చుట్టూ ఉన్న గన్నేరు మొక్కలే. కానీ మా నారాయణవలస డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. టీమ్‌తో ఊళ్లు తిరగడానికి ఎవరో ఒకరు కావాలి. మా ప్రిన్సిపాల్ అనంతశయనంగారు స్టాఫ్‌రూమంతా ఒకసారి కలయజూసి, "మీ క్లాసులో ఎలాగూ పిల్లలుండరు కదండీ, మీరు కానివ్వండి" అన్నారు. అంతమందిలో ఆ మాట అనకుండా ఉండవలసింది. ఏమైతేనేం, ఆ రోజు నుంచి నేను మహిళా జట్టు మేనేజర్‌ని.

నాకు ఆట తెలియకపోయినా నష్టం లేకపోయింది, ఎందుకంటే కోచింగంతా కెప్టెనే చూసుకునేది. ఆ అమ్మాయి పేరు మజ్జి గౌరీశ్వరి. ఫైనలియర్. గుమ్మంలోంచి వచ్చేటప్పుడు తల వంచుకుని రావలసినంత పొడుగు. డిగ్రీ అయ్యాక బీపీఎడ్ చదివి, ఎక్కడో ఒకచోట ఖాళీగా ఉన్న ఫిజికల్ డైరెక్టర్ కుర్చీలో కూర్చోవాలని దాని కోరిక. అడ్డల్లా వాళ్లమ్మ.

వాళ్లమ్మ అప్పలనరసమ్మ మా ఊరి గోనెసంచుల మిల్లులో పని చేస్తుంది. టోర్నమెంటు మొదలు కాకముందే ఒకరోజు నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చింది.

"మేనేజర్ బాబంటే తమరేనా? నాకొక డవుటు. ఈ గుంట మూడేళ్ల నుండీ బంతాట, బంతాట అంటాది. పొద్దుగాల బస్సెక్కుతాది, మర్నాడు బస్సు దిగుతాది. బస్సే అగుపడతాది గానీ ఆట నాకెప్పుడూ అగుపళ్లేదు. అసలు ఆటుందేటి?"

"ఉందమ్మా" అన్నాను, కొంచెం గట్టిగానే.

"ఉంటే ఒక పాలి నా కళ్లెదర ఆడమనండి. సూస్తాను. బాగుంటే పై సదువుకి పంపిస్తాను. నేకపోతే మా మేస్త్రీతో సెప్పి మిల్లులో ఎట్టీస్తాను. నా మాట మాటే."

గౌరి పక్కనే నిలబడి చెప్పుల వంక చూస్తోంది. నాకు జాలేసింది. ఆ ఏడాది మా జట్టుకు వరసగా ఏడు ఆటలు పై ఊళ్లలోనే. ఎనిమిదోది, ఆఖరిది, మా సొంత కోర్టులో, అదీ ఆదివారం నాడు, రోడ్డుకు అవతలి పక్కనున్న కాలేజీతో. రోడ్డు దాటితే వాళ్లు, దాటకపోతే మేము. "ఆదివారం మీ నైట్ షిఫ్ట్ దిగగానే నేరుగా రండమ్మా, ముందు కుర్చీ మీదే" అని మాటిచ్చేశాను. రోడ్డు దాటి వచ్చి ఆడటానికి ఏం ఆటంకం వస్తుందిలే అనుకున్నాను. విశ్వవిద్యాలయం అనేది ఒకటుందని ఆ క్షణాన మర్చిపోయాను.

ఆ వారంలోనే ఉత్తర్వు దిగింది. దాని పుట్టుక ఏమిటంటే, అంతకుముందు ఏడాది కొండరేవు కాలేజీ వాళ్లు సీతంపాలెం వెళ్లి యాభై పాయింట్ల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. ఓడిపోవడానికి కారణం ఆ పిల్లల్లో ఇద్దరికి తప్ప ఎవరికీ బంతి పట్టుకోవడం రాకపోవడం. కానీ వాళ్ల కరస్పాండెంటుగారు అలా అనుకోలేదు. "మా పిల్లలు బస్సులో కుళ్లబొడిచినట్టయి వచ్చారు. సీతంపాలెం పిల్లలు ఇంట్లో ఉప్మా తిని వచ్చారు. ఇది న్యాయమా?" అని వైస్ ఛాన్సలర్‌గారిని అడిగారు. న్యాయమా అని అడిగితే ఎవరికైనా ఇబ్బందే. వెంటనే సమాన అలసట సాధన సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఆచార్య పరబ్రహ్మంగారు. భౌతికశాస్త్రంలో పదవీ విరమణ చేసి, తరువాత సంఘాల్లో చేరినవారు. అలసటను లోతుగా అధ్యయనం చెయ్యడానికి సంఘం వారం రోజులు అరకులో విడిది చేసింది. తిరిగొచ్చి నివేదిక ఇచ్చింది.

"ప్రయాణించిన జట్టుకు అలసటయు, ప్రయాణించని జట్టుకు విశ్రాంతియు కలుగుచున్నందున, విశ్రాంతిని అనుచిత సౌలభ్యముగా పరిగణించడమైనది. ఇకమీదట అతిథి జట్టు ఎన్ని కిలోమీటర్లు ప్రయాణించునో, ఆతిథేయ జట్టు సైతం విధిగా అన్ని కిలోమీటర్లు ప్రయాణించి, తమ మైదానమునకు తామే అతిథులుగా విచ్చేయవలెను."

మేనేజర్ల సమావేశంలో నేను లేచి ఒక ప్రశ్న అడిగాను. "అయ్యా, వచ్చినవాళ్లకు ముందురోజే ఒక గది ఇచ్చి పడుకోబెడితే సరిపోదా?"

పరబ్రహ్మంగారు నన్ను కళ్లజోడు మీదుగా చూశారు. "గది అనేది మౌలిక వసతి. దానికి వేరే సంఘం ఉంది. మన పరిధి అలసట. మన పరిధిలో మనం ఉందాం."

నేను నా పరిధిలో కూర్చున్నాను.

మొదటి ఆట సీతంపాలెంలో. మేము తెల్లవారకముందే బయలుదేరి, పదింటికల్లా వాళ్ల కోర్టుకు చేరాం. అక్కడ ఒక వాచ్‌మన్, ఒక మేక తప్ప ఎవరూ లేరు. "మా టీమేదండీ? అదిగో, మీతో ఆడ్డానికి ఊరి చుట్టూ తిరుగుతాన్నారు" అన్నాడు వాచ్‌మన్. నిజమే. అరగంటకొకసారి వాళ్ల బస్సు కాలేజీ గేటు ముందునుంచి వెళ్తూ కనిపించింది. కిటికీల్లోంచి పిల్లలు మాకు చెయ్యి ఊపారు. మొదట నవ్వుతూ ఊపారు. నాలుగో చుట్టులో ఊపడం మానేశారు. మధ్యాహ్నం దాటాక కిలోమీటర్లు సరిపోయాయని దింపారు. రెండు జట్లూ కోర్టులోకి ఈడ్చుకుంటూ వచ్చి ఆడితే మాకు తొమ్మిది, వాళ్లకు ఏడు వచ్చాయి.

పరబ్రహ్మంగారు ఫోన్ చేసి అభినందించారు. "నిరుడు ఇదే కోర్టులో తేడా యాభై. ఈనాడు రెండు! సమానత్వ సాధనలో ఇదొక చారిత్రక ఘట్టమండీ."

"అంతా మీ చలవ" అన్నాను. బస్సులో గౌరి మాత్రం స్కోరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున దాచేసింది. తొమ్మిదిలో ఏడు దానివే. మిగతావాళ్లకు బుట్ట రెండుగా కనిపించిందట.

రెండో ఆటకు పెదకోవెల వెళ్లాం. అక్కడ కొత్త చిక్కొచ్చింది. మేము వచ్చిన రోడ్డు గుంతలమయం. వాళ్ల పిల్లల్ని తిప్పింది కొత్త హైవే మీద. కిలోమీటర్లు సమానమే గానీ నడుము నొప్పులు సమానం కాదు. ఈ సంగతి కనిపెట్టింది ముకుందంగారు. గణాంకశాస్త్రం లెక్చరర్. ఆ ఆట నుంచి ఆయన్ను మాకు అలసట పరిశీలకుడిగా వేశారు. మెడలో ఈల, చేతిలో నిబంధనల పుస్తకం. మనిషి చెడ్డవాడేం కాదు. ఎవరైనా విశ్రాంతిగా కనిపిస్తే మాత్రం తట్టుకోలేడు.

ఆయన రిపోర్టు మీద గుంతల సమీకరణ ఉత్తర్వు వచ్చింది. ఆతిథేయ జట్టు సమాన సంఖ్యలో, సమాన లోతున్న గుంతల మీదుగా ప్రయాణించాలి. టోర్నమెంటు అయ్యేదాకా ఏ గుంతా పూడ్చవద్దని రోడ్ల ఇంజినీరుగారికి ఒక ఉత్తరం కూడా వెళ్లింది. ఆయన వెంటనే జవాబు రాశారు: "సదరు నిబంధనను మా కార్యాలయము మొదటి నుండియు తు.చ. తప్పక పాటించుచున్నది. ఇకముందును సహకరింపగలము."

మూడో ఆటకు వెళ్తుంటే దారిలో మా పదకొండో నంబరు పిల్ల కిటికీకి తల ఆనించి కునుకు తీసింది. ముకుందంగారు బస్సంతా అదిరేలా ఈల వేశారు. డ్రైవరు భయపడి బ్రేకు వేశాడు. ఆ బ్రేకుకు నా తలకు బొప్పి కట్టింది. అప్పట్నుంచి బస్సులో నిద్ర నిషేధం. పాటలు పాడుకోవడం ఉల్లాసం కలిగిస్తుంది కాబట్టి అదీ నిషేధం. కిటికీ పక్క సీటుకు గాలి వస్తుంది కాబట్టి ఈల వేసినప్పుడల్లా అందరూ ఒక్కో సీటు జరగాలి. ఒక పిల్ల గాలి పీల్చుకునే లోపు ఈల పడేది.

ఇంతకీ అలసట ఎంతుందో కొలిచేదెలా? అక్కడే ముకుందంగారి మేధస్సు బయటపడింది. ఆట ముందు రెండు జట్లనూ వరసగా నిలబెట్టి ఆవులింతలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏ జట్టుకు తక్కువ వస్తే ఆ జట్టును మళ్లీ బస్సెక్కించి ఇంకో చుట్టు తిప్పి తెస్తారు. మూడో ఆటలో మాకు తక్కువ వచ్చాయి. ఊరవతల పెట్రోలు బంకు దాకా వెళ్లి రావలసి వచ్చింది.

ఆ తర్వాత మేము కూడా తెలివి మీరాం. రోజూ సాయంత్రం కోర్టులో అందర్నీ కూర్చోబెట్టి ఆవులింత ప్రాక్టీసు చేయించాం. ఇందులో నేను బాగా ఉపయోగపడ్డాను. వేరు వ్యవస్థ గురించి పది నిమిషాలు పాఠం చెబితే చాలు, ఒక్కరు మిగలకుండా ఆవులించేవారు. నా పదిహేడేళ్ల సర్వీసులో నా పాఠానికి అంతటి ప్రయోజనం ఎప్పుడూ కలగలేదు.

గౌరి ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. "ఇదేటి సార్! బంతి ముట్టుకుని వారమైపోనాది. ఆవులింతలు మాత్రం పేక్టీసు. ఆ ఆదివారం మా అమ్మ వొచ్చి కూకుంటే ఏటి సూపించమంటారు? నోరు తెరిసి సూపించమంటారా?"

"రూలు కదమ్మా" అన్నాను. రూలు కదా అనేటప్పుడు మనిషికి ఎంత సుఖంగా ఉంటుందో అప్పుడే గమనించాను.

నాలుగో ఆట నుంచి మా జట్టులో దమయంతి చేరింది. ఆ పిల్లకు బంతాట రాదు. బస్సు ఇంజను చప్పుడు వింటేనే కడుపులో తిప్పుతుంది. రెండు మైళ్లు వెళ్తే వాంతి. వాంతి చేసుకున్న క్రీడాకారిణి ఒకరుంటే ఇరవై ఆవులింతలతో సమానమని ముకుందంగారు లెక్కగట్టారు. దాంతో దమయంతికి గిరాకీ పెరిగింది. అవతలి కాలేజీలవాళ్లు హాస్టలు ఉచితం, మెస్సు ఉచితం అని కబుర్లు పంపించారు. మెస్సు మాట వింటేనే ఆ పిల్లకు తిప్పేది కాబట్టి మాకే దక్కింది. బస్సెక్కేముందు అనంతశయనంగారు స్వయంగా వచ్చి, "కాలేజీ పరువు నీ చేతుల్లో ఉందమ్మా" అని ఆశీర్వదించేవారు. చేతుల్లో అని మర్యాదకు అనేవారు.

పాపం, గౌరికి మాత్రం ఆ పిల్ల అవస్థ చూడలేక గుండె తరుక్కుపోయింది. ఒకనాడు రహస్యంగా సంచిలో నిమ్మకాయ తెచ్చి, "వాసన సూడే" అని దమయంతి చేతిలో పెట్టింది. ముకుందంగారి ముక్కు మామూలు ముక్కా! బస్సు ఆపించారు. రుమాలుతో నిమ్మకాయను పట్టుకుని, ప్లాస్టిక్ కవరులో వేసి, నా చేత సాక్షి సంతకం పెట్టించుకున్నారు. "నిషేధిత ఉత్ప్రేరకం" అన్నారు. గౌరికి మొదటి హెచ్చరిక.

ఇంక అయిదు, ఆరు, ఏడు ఆటల సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక ఆట నాలుగు-మూడు. ఇంకొకటి రెండు-రెండు. ఏడో ఆటలో రెఫరీ విసిరిన బంతిని అందుకోవడానికి ఎవరూ ఎగరలేదు. అది నేల మీద రెండుసార్లు కొట్టుకుని, దొర్లుకుంటూ వెళ్లి గోడకు ఆనుకుంది. రెండు జట్లూ దానివంక చాలాసేపు చూశాయి. సున్నా సున్నా. ఆ రాత్రి పరబ్రహ్మంగారు ఆనందం పట్టలేక అందరు మేనేజర్లకూ సందేశం పంపారు. సంపూర్ణ సమానత్వం సిద్ధించిందట.

ఇక ఎనిమిదోది. మా కోర్టు. రోడ్డుకు అవతలి కాలేజీ. నేను ముకుందంగారి దగ్గరకు ధైర్యంగా వెళ్లాను. "వాళ్లు రోడ్డు దాటి వస్తారు. మేము హాస్టలు మెట్లు దిగి వస్తాం. ఇద్దరికీ అలసట లేదు. కాబట్టి సమానమే కదండీ. హాయిగా ఆడించేద్దాం."

"సమానమే" అన్నారాయన. "కానీ అలసట ఏదీ? సమాన అలసట అన్నప్పుడు సమానం ఒక్కటే ఉంటే సరిపోతుందా? కనీస అలసట అనేది ఉండాలి కదా!" పుస్తకం తెరిచి చూపించారు. ఉంది. రెండు జట్లూ ఊరి చుట్టూ ఉన్న బైపాస్ రోడ్డు మీద ఒకరు కుడిచేతివైపు, ఒకరు ఎడమచేతివైపు నూరు కిలోమీటర్లు తిరిగి రావాలి.

ఆదివారం పొద్దున్నే బస్సులు బయలుదేరాయి. ఏర్పాట్లు చూడటానికి నేను కోర్టు దగ్గరే ఉండిపోయాను. నలుగురూ వచ్చే వేళకు ముకుందంగారు గేటు దగ్గర బల్ల వేసుకు కూర్చున్నారు. విశ్రాంతిగా ఉన్న ప్రేక్షకులు గట్టిగా అరిచి ఆటగాళ్లకు అక్రమ ఉత్సాహం కలిగిస్తారట. అందుకని ప్రేక్షకుల కళ్లు కూడా పరీక్షిస్తున్నారు. మొట్టమొదట ఆగిపోయింది మా అనంతశయనంగారే. "క్షమించాలి. మీ మొహం మీద దిండు గీతలు ఇంకా చెరిగిపోలేదు" అన్నారు ముకుందంగారు. ప్రిన్సిపాల్‌గారు చేసేదిలేక కాలేజీ గ్రౌండు చుట్టూ నడక మొదలుపెట్టారు. ఆయన వెనకాల కుర్రాళ్లు, లెక్చరర్లు. ఏదో ప్రదక్షిణ జరుగుతోందనుకుని దారిన పోయే ఇద్దరు ముసలమ్మలు కూడా కలిశారు.

అప్పుడు వచ్చింది అప్పలనరసమ్మ. జుట్టు నిండా నార దుమ్ము. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ అలసట వివరాలు?" అన్నారు ముకుందంగారు.

"ఏటి బాబూ?"

"అంటే, నిద్రపోయి వచ్చావా?"

"నిద్రేటి? రాత్రంతా మిసను కాడ నిల్సుండి వొస్తన్నాను. కాళ్లు పీకెత్తన్నాయి. లోనికి పంపుతావా, నేకపోతే ఎలిపోమంటావా?"

ముకుందంగారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయంటే మీరు నమ్మరు. ఇంతకాలానికి ఒక నిఖార్సయిన అలసట ఎదురుపడింది. "ప్రమాణీకృత ప్రేక్షకురాలు" అని రాసిన కార్డు ఆవిడ మెడలో వేసి, తనే తీసుకెళ్లి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పూట కోర్టులో చట్టబద్ధంగా కూర్చున్న ప్రేక్షకురాలు ఆవిడొక్కతే.

ఎదురుచూశాం. ముకుందంగారి ఫోను మోగింది. అవతలి జట్టు బస్సుకు పంక్చరయ్యింది. వాళ్లు ఆగి ఉంటే విశ్రాంతి కదా, అందుకని మా బస్సును కూడా ఉన్నచోటే ఆపెయ్యమన్నారు. వాళ్ల టైరు వేసే వేళకు మా డ్రైవరు టిఫినుకు వెళ్లాడు. అందుకని వాళ్లను మళ్లీ ఆపారు. మా డ్రైవరు తిని వస్తే వాళ్ల డ్రైవరు తనకూ సమాన టిఫిను కావాలని పేచీ పెట్టాడు. ఎండెక్కింది. అప్పలనరసమ్మ తల వాలిపోతోంది.

"ఆటెప్పుడు బాబూ?"

"ఇదిగో, వచ్చేస్తున్నారమ్మా."

"నిన్నటికినీ ఇదే మాట, మూడేళ్ల కిందటా ఇదే మాట. నాను మళ్లీ రాత్రికి డూటీకెళ్లాల. ఇంకొక గంట సూత్తాను. ఆ పైన బంతి నేదు, సదువు నేదు. మిల్లే."

పక్కకు వెళ్లి గౌరికి ఫోన్ చేశాను. "ఎక్కడున్నారే?"

"ఎక్కడేటి సార్, కాలేజీ ఎనకాల రైలు గేటు కాడ. మాదీ ఇక్కడే ఆపీసినారు, ఆళ్లదీ ఇక్కడే. కిటికీల్లోంచి ఒకల మొకం ఒకలు సూసుకుంటన్నాం. మన కోర్టు బుట్ట కూడా అగుపడతాంది."

నేను మేనేజర్‌ని. రూలుకు విరుద్ధంగా ఒక్క మాట కూడా చెప్పకూడదు. చెప్పలేదు. "మీ అమ్మ గంటలో లేచి వెళ్లిపోతుందట" అని మాత్రం చెప్పి ఫోను పెట్టేశాను.

పది నిమిషాలు గడిచాయో లేదో, వెనక గోడ అవతల పెద్ద గోల. గోడ మీద ఒక చెయ్యి కనపడింది, తర్వాత ఇంకొకటి. ఎర్రబనీనులు, నీలంబనీనులు కలగలిసిపోయి, పిల్లలు గోడ దూకి పరుగెత్తుకొస్తున్నారు. అందరికన్నా ముందు గౌరి. అందరికన్నా వెనకాల దమయంతి, బస్సు దిగిన సంతోషంలో గాల్లో తేలుతున్నట్టు వస్తోంది. ముకుందంగారు ఈల మీద ఈల వేశారు.

"ఆగండి! బస్సులో కదా రావలసింది! ఇది అక్రమ ప్రవేశం!"

గౌరి రొప్పుతూ నిలబడింది. "సార్, ఇద్దరం ఒక్క సోటు నుండే బయల్దేరినాం. ఒక్క దార్లోనే, ఒక్క గోడే దూకినాం. ఇంతకన్నా సమానం ఏటుంటాది సెప్పండి?"

ముకుందంగారు పుస్తకం తెరిచారు. గోడ దూకడం గురించి ఏ పేజీలో ఉందో వెతుకుతున్నారు. రెఫరీ కూడా ఆ పుస్తకంలోకే తొంగిచూస్తుంటే, ఆయన వెతికేలోపు నేను కోర్టు మధ్యకు వెళ్లి బంతి పైకి విసిరాను. నా జన్మలో బంతి విసరడం అదే మొదలు.

ఆ తర్వాత జరిగింది ఆట. నాకు దాని పేర్లు, మలుపులు తెలియవు. తెలిసిందల్లా, రెండు నెలలుగా బస్సులో కుక్కిన పిల్లలు ఒక్కసారిగా విప్పారారు. గౌరి బంతి పట్టుకుంటే ఎదుటివాళ్లు అయిదుగురూ మీద పడేవారు. పడ్డారని వాళ్లకు తెలిసేసరికి ఈ పిల్ల బుట్ట కింద ఉండేది. అవతలి పిల్లలు కూడా తక్కువేం కాదు. గ్రౌండు చుట్టూ నడుస్తున్న ప్రిన్సిపాల్‌గారు నడక మానేసి కంచె పట్టుకుని కేకలు వేశారు. అప్పలనరసమ్మ మొదట కూర్చుంది. తర్వాత నిలబడింది. తర్వాత కుర్చీ ఎక్కింది. "ఓలమ్మ! ఓలమ్మ! ఎయ్యే, ఎయ్యే!" అని ఆవిడ అరుపుకు గన్నేరు చెట్ల మీది కాకులు లేచిపోయాయి.

యాభై ఎనిమిదికి యాభై ఆరు. మేమే ఓడిపోయాం. ఆఖరి క్షణంలో గౌరి వేసిన బంతి బుట్ట అంచు మీద తిరిగి తిరిగి బయటకు పడింది. పిల్ల ఏడుపు మొహంతో తల్లి దగ్గరకు వచ్చింది.

"ఓడిపోనామే అమ్మా."

"పోతే పోనియ్యే. ఇన్నాళ్లూ ఇదా నువ్వు ఆడేది! నాకు ముందే సూపించొద్దా?" అని కొంగుతో కూతురి మొహం తుడిచి, "ఎల్లు. ఆ సదువేదో సదువుకో" అంది. నేను కళ్లు తుడుచుకోవడానికి గన్నేరు ఆకులు పరిశీలించే నెపం మీద పక్కకు వెళ్లాను.

కానీ ముకుందంగారి పుస్తకంలో గోడ లేకపోయినా ఇంకొకటి ఉంది. మర్నాడే నోటీసు వచ్చింది. "నిర్దేశిత అలసట లేకుండా ఆటలాడి, తద్ద్వారా విశ్వవిద్యాలయ క్రీడాస్ఫూర్తికి భంగము కలిగించుట." ఇద్దరు కెప్టెన్లలో గౌరికి నిమ్మకాయ హెచ్చరిక కూడా ఉంది కాబట్టి ప్రధాన నిందితురాలు అదే. నేరం రుజువైతే ప్రవర్తన సర్టిఫికెట్ మీద "అసంతృప్తికరం" అని రాస్తారు. ఆ మాటున్న కాగితం చూసి ఏ బీపీఎడ్ కాలేజీవాడూ గేటు తియ్యడు.

విచారణ వైస్ ఛాన్సలర్‌గారి సమావేశ మందిరంలో. లోపల ఏసీ చలికి పరబ్రహ్మంగారు శాలువా కప్పుకుని కూర్చున్నారు. సాక్షిగా నేను లేచాను. "మీరు నిషేధిత క్రీడలో బంతి విసిరారు. మీ సాక్ష్యం చెల్లదు" అన్నారు. ప్రిన్సిపాల్‌గారు లేచారు. దిండు గీతల కారణంగా ఆయనదీ చెల్లలేదు. చెల్లుబాటయ్యే సాక్షి ఒక్కరే ఉన్నారు, మెడలో కార్డున్నావిడ.

అప్పలనరసమ్మను పిలిచారు. ఆ రోజు కూడా రాత్రి డ్యూటీ చేసే వచ్చింది.

"అమ్మా, నిజం చెప్పాలి" అన్నారు పరబ్రహ్మంగారు. "మీరు చూసిన ఆటలో క్రీడాకారిణులు అలసి ఉన్నారా, లేదా?"

గౌరి కుర్చీ అంచుకు జరిగింది. తల్లి కూతుర్ని మెచ్చుకోబోయి, "ఏం అలుపు బాబూ, లేడిపిల్లల్లాగ గెంతినారు" అని అనేస్తుందేమోనని నాకూ చెమటలు పట్టాయి, ఆ ఏసీలో.

"అలిసిపోనారు బాబూ" అంది ఆవిడ. "మా గుంటయితే ఇంటికొచ్చి, తానం కూడా సెయ్యకండా, అన్నం కంచం ముందర కూకునే నిద్రోనాది. అవతలోల పిల్ల కోర్టు కాడి అరుగు మీదే పడిపోనాది. ఎంత నేపినా నేగనేదు."

ముకుందంగారు చటుక్కున తల ఎత్తారు. "అంత అలసటా? దేనివల్ల?"

అప్పలనరసమ్మ ఆయన వంక వింతగా చూసింది. "దేనివల్లేటి బాబూ? ఆడితే అలిసిపోరేటి?"

పరబ్రహ్మంగారి శాలువా భుజం మీంచి జారింది. అరకులో వారం రోజులు అధ్యయనం చేసిన సంఘానికి ఈ కోణం తట్టలేదు. ఆయన ముకుందంగారి వైపు వంగి, "అలసట ఆటకు ముందే ఉండాలని నిబంధనలో ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. పుస్తకం తిరగేశారు. లేదు. ఉండాలని మాత్రమే ఉంది. ఎప్పుడు ఉండాలో రాయడం మర్చిపోయారు.

"అలసట రుజువైనందున నిందితురాలు నిర్దోషి" అన్నారు పరబ్రహ్మంగారు. ఆ మాట ఆయన పరధ్యానంగా అన్నారు, ఎందుకంటే అప్పటికే స్టెనోను పిలిచి కొత్త ఉత్తర్వు చెబుతున్నారు. మేము తలుపు దాకా నడిచేలోపు అది పూర్తయింది. "ఆటయే అలసటకు మూలకారణమనియు, అది క్రీడాకారిణులలో అసమానముగా పంపిణీ అగుచున్నదనియు విచారణలో వెల్లడైనందున, వచ్చే ఏడాది నుండి పోటీలను ఆట మినహా యథావిధిగా నిర్వహింపవలెను." వెనక నుంచి ముకుందంగారి చప్పట్లు వినపడ్డాయి.

బయట వరండాలోకి వచ్చాక గౌరి గోడకు ఆనుకుని, ఏడుస్తూ నవ్వుతోంది. వాళ్లమ్మ దాని వీపు మీద ఒక్కటి చరిచి, నా వైపు తిరిగింది.

"మేనేజర్ బాబూ, ఆ బీపీయెడ్డో ఏటో, అదెక్కడ సెప్తారు? దూరమేటి?"

"కొంచెం దూరమేనమ్మా. ఒక రాత్రి ప్రయాణం."

"బస్సుంటాదేటి?"

గౌరి నవ్వు ఆగిపోయింది. వాళ్లమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నడిసి ఎల్లిపోదామే అమ్మా."